ఖాళీ గదికి నమస్కారం

మా లిఫ్టు తాతయ్య ఖాళీ గదిలోకైనా అనుమతి అడక్కుండా అడుగుపెట్టేవాడు కాదు.

నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. మావి పదిహేడు కుటుంబాలు కలిసి కట్టుకున్న ఇళ్ళు. పడకగదులు ఎవరివి వాళ్ళవే గాని వంటశాల, హాలు, నేలమాళిగలో బట్టలుతికే గది అందరివీ. ఒకరింట్లో తుమ్మితే పదహారిళ్ళవాళ్ళు ‘చిరంజీవ’ అనేవారు. అలాంటి చోట తాతయ్య ప్రతి తలుపూ మూడుసార్లు తట్టి, “లోపలున్నవాళ్ళకి నమస్కారం. రావచ్చా?” అని చెవి ఒగ్గి నిలబడేవాడు. ఒక్కోసారి తలూపి లోపలికి వెళ్ళేవాడు. ఒక్కోసారి “ఇప్పుడు కాదట” అని వెనుదిరిగేవాడు.

ఓసారి సాయంత్రం నాలుగు దాటాక ప్లంబరు కుళాయి బిగించడానికి ఆయన వెంట నేలమాళిగకి దిగాడు.

“ఇప్పుడు కాదట నాయనా.”

“ఎవరన్నారండీ?”

“ఉన్నవాళ్ళు.”

“నేనిప్పుడే తొంగి చూశాను, ఎవరూ లేరండీ!”

“నీకు కనబడేటట్టయితే వాళ్ళు దాక్కోవడం దేనికి?”

ప్లంబరు పానా అక్కడే పారేసి పరిగెత్తాడు. దానికోసం మళ్ళీ రాలేదు. ఆ తర్వాత సాయంత్రం నాలుగు దాటితే పెద్దవాళ్ళెవరూ ఆ గది ఛాయలకి పోలేదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నత్తి. బళ్ళో ఉపన్యాసం చెప్పాలి. ఎక్కడ సాధన చేసినా ఎవరో ఒక అత్తయ్య నా వాక్యం తనే పూర్తిచేసేసేది. అత్తయ్యలకంటే దయ్యాలే నయమని నేలమాళిగకి దిగాను.

ఒకటే బల్బు. నానిన సబ్బు వాసన. కుర్చీలో కూర్చుంటే, వెచ్చగా ఉంది! బట్టలుతికే మిషను గాజుతలుపు మీది ఆవిరిలో చిన్న చిన్న వేళ్ళ గుర్తులు, నేను చూస్తుండగానే చెరిగిపోతున్నాయి. “గ... గ... గౌరవనీయులైన” అని మొదలుపెట్టాను. అలమరలో ఏదో కదిలింది. నేను ఆగాను. అదీ ఆగింది.

అంతలో తలుపు మీద మూడు దెబ్బలు. “లోపలున్నవాళ్ళకి నమస్కారం. రావచ్చా?”

నేను కుర్చీలోనే ముడుచుకున్నాను.

“ఇప్పుడు కాదట,” అంటూ తాతయ్య మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను చెప్పలేదే! మరెవరు చెప్పారు? నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. వణుకుతూనైనా సరే, అక్కడ నా వాక్యం నేనే పూర్తిచేసుకునేదాన్ని.

ఇంతలో మా సంఘం సెక్రటరీ అత్తయ్య ఆ గదికి తాళం వెయ్యాలని తీర్మానించింది. “మిషన్లు పైకి తెప్పిద్దాం. దయ్యాల పేరు చెప్పుకుని పిల్లలక్కడ ఏం చేస్తున్నారో ఏమో!”

“ఉన్నవాళ్ళు ఒప్పుకోరమ్మా,” అన్నాడు తాతయ్య.

“ఎవరున్నారో చూపించండి బాబాయిగారూ, పదండి!”

అప్పుడు నాలుగు దాటింది. ఆవిడ తాళంకప్ప పట్టుకుని ముందు నడిచింది. పక్కన తాతయ్య, వెనక నేను. మిగతా జనం ధైర్యం చాలక పై మెట్ల మీదే ఆగిపోయారు. రోజూ ఆ గదిలో ఉండేదాన్ని నేనేగా, ఇవాళ లోపల మనిషన్నవాళ్ళెవరూ ఉండరని నా నమ్మకం.

మూసిన తలుపు వెనకనుంచి గొంతు వినబడింది.

“అమ్మా, నన్ను జట్టులోంచి తీసేశారు.” గొంతు సవరించుకున్న చప్పుడు. “కాదు... అమ్మా, నేనే మానేశాను.” మళ్ళీ మొదటినుంచి. “అమ్మా, నువ్వు ముందు కూర్చో.”

తలుపు తొయ్యబోయిన అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గొంతు ఆవిడ కొడుకుది. ‘మావాడు కెప్టెన్’ అని ఆవిడ వారంవారం అందరికీ చెప్పుకునేది, ఆ పదహారేళ్ళవాణ్ణి గురించే.

తాతయ్య గొంతు తగ్గించాడు. “నాలుగింటికి మీవాడు. నాలుగున్నరకి ఈ అమ్మడు. అలమరలో బొమ్మతో ఆ మూడో ఇంటి చిన్నది, అది ఎవరేం మాట్లాడినా పైకి చెప్పదు. ఇన్ని ఇళ్ళున్నాయి గాని, పిల్లలు తమతో తాము మాట్లాడుకోవడానికి ఒక్క మూల లేదమ్మా. ఒకరికొకరు ఎదురుపడకుండా నేనిక్కడ కాపలా, అంతే.”

పైనుంచి జనం అరిచారు. “ఏమైంది? ఎవరున్నారు లోపల?”

అత్తయ్య తాళంకప్ప సంచిలో పడేసుకుంది.

“దయ్యమే,” అంది గట్టిగా. “నా చెవులారా విన్నాను. చాలా పెద్దది. నాలుగు దాటాక ఎవరూ ఇటు రాకండి!”

అందరినీ తోలుకుంటూ పైకి వచ్చింది. హాల్లో ఓ కుర్చీ లాక్కుని, కొడుకు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది.