అరవై ఖర్జూరపు గింజలు

మస్కట్ అల్ ఖువైర్‌లో నేను ఏసీలు బాగుచేసే డ్యూటీ చేసే ఆఫీసు కింద ఒక కాఫీ దుకాణం ఉంది. అక్కడ కాఫీలో లవంగాలు వేస్తారు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నా చెవులు పాఠం వినడానికి సిద్ధమైపోతాయి. అయిదేళ్లు మ్వాలిము మాట విన్న చెవులు మరి, అలవాటు ఎక్కడికి పోతుంది? అల్ సువైక్‌లో ఆయన ఖర్జూరపు తోటలో నేను పనివాణ్ణి. ఆయన పుట్టింది ఆఫ్రికా తీరంలోని జంజిబార్‌లో. వయసులో ఉండగా అక్కడ పంతులు. వాళ్ల స్వాహిలీలో పంతులును మ్వాలిము అంటారట. చుట్టుపక్కల తోటల్లో అందరూ యజమానిని అర్బాబ్ అంటే, ఈయన మాత్రం తనను మ్వాలిము అనే పిలిపించుకునేవారు.

బడి పోయినా ఆయనకు పాఠం పోలేదు. పిల్లలు మస్కట్‌లో స్థిరపడ్డారు, శుక్రవారం తప్ప రారు. కాబట్టి మిగిలిన ఆరు రోజులూ ఆయన తరగతికి నేనొక్కణ్ణే విద్యార్థిని. సాయంత్రం చెట్లకు నీళ్లు పెట్టి రాగానే వరండాలో కూర్చోబెట్టి, లవంగాల కాఫీ పోసి, మా ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీలో ఆఫ్రికా చరిత్ర మొదలుపెట్టేవారు. కిల్వాలో పగడపు రాళ్ల మేడలు, సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చిన జింబాబ్వే గోడలు, మన వైపు నుంచి పూసలూ బట్టలూ మోసుకుపోయిన పడవలు. ఆఫ్రికా అంటే అడవీ సింహాలే కదా అని ఒకసారి నోరు జారాను. ఆ పాపానికి వారం రోజులు అక్సుం రాజ్యం విన్నాను.

నాకేమో వేరే బాధ. నేను ఒమాన్ వచ్చిన నాలుగో నెలలో జగిత్యాలలో నాకు బిడ్డ పుట్టింది. రెండేళ్లు నిండినా ఫోన్‌లో తప్ప చూడలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "మ్వాలిము, ఒక్కసారి ఇంటికి పోయి రావాలె," అన్నాను. "ప్రయాణమా? ప్రయాణమంటే మాలీ చక్రవర్తిది," అని ఆయన అందుకున్నారు. ఆ చక్రవర్తి హజ్‌కు పోతూ దారి పొడుగునా బంగారం పంచి, కైరోలో దాని విలువే పడగొట్టేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆయన నమాజుకు లేచారు, నా సెలవు అక్కడే కూర్చుండిపోయింది. నెల రోజులు ఇదే వరస. ఆ ఇంట్లో వంట చేసే కడప రమణమ్మక్క చూసి చూసి, "అబ్బీ, ఆయప్ప నోరు మూసే ఉపాయం ఏదైనా చూడు. ల్యాకుంటే నీ కూతురి పెండ్లికే పోతావు నువ్వు," అంది.

ఉపాయం ఆయన పాఠంలోనే దొరికింది. పాతకాలపు ఘనా రాజ్యం దగ్గర మూగబేరం నడిచేదట. ఎడారి దాటి వచ్చినవాళ్లు ఉప్పు కుప్పపోసి, డప్పు కొట్టి, కనబడకుండా పోతారు. అవతలివాళ్లు వచ్చి పక్కన బంగారం పెట్టి వాళ్లూ పోతారు. ఉప్పువాళ్లు తిరిగొచ్చి చూసి, చాలదనిపిస్తే ముట్టరు, మళ్లీ పోతారు. చాలనిపిస్తే తీసుకుంటారు. బేరం తెగేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఆ చివరి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు నీళ్ల తొట్టి గట్టు మీద మేలురకం ఖర్జూరాల గంప, బిడ్డ ఫోటో, పక్క దుకాణంలో రాయించిన కాగితం పెట్టాను. సెలవు కావాలి, ఒక గింజ ఒక రోజు, అంతే అందులో ఉంది. నూనె డబ్బా మీద నాలుగు దరువులు వేసి చెట్ల చాటుకు పోయాను. మ్వాలిము వచ్చి కాగితం చదివి, పెదవులు బిగబట్టి నవ్వి, లోపలినుంచి గింజలు తెచ్చి పెట్టారు. పదిహేను. నేను ముట్టలేదు. సాయంత్రానికి పాతికయ్యాయి. ముట్టలేదు. నా మనసులో నలభై ఉంది. తెల్లారి పోయి చూస్తే గట్టు మీద ఒక్క గింజ లేదు. ఆయనకు కోపమొచ్చి బేరం వదులుకున్నారనుకున్నాను. గంప ఎత్తుకుని వచ్చేశాను. వరండాలోంచి ఆయన అది చూసి ముఖం తిప్పుకున్నారు.

తరవాత మూడు రోజులు మాటల్లేవు. ఆయన కాఫీ ఆయన తాగేవారు, నేను గడ్డి కోసేవాణ్ణి. ఒక్క రాజు లేడు, ఒక్క పడవ లేదు. నెల రోజులుగా ఆయన నోరు మూతపడాలని మొక్కుకున్నవాణ్ణి, మూతపడితే అన్నం సయించలేదు. నాలుగో రోజు రమణమ్మక్క కాఫీ గిన్నె ఠపీమని పెట్టి, "ఏమైంది మీ ఇద్దరికీ? గట్టు మింద ఉన్న పాప ఫోటో నువ్వు తీసినావంటే మీరు తీసినారని అలిగినారా? అది నేనే లోపల పెట్టినా, గింజలు ఊడ్సేటప్పుడు," అంది.

ఇద్దరం ఆమె వైపే చూశాం.

"అట్ల జూస్తారేంది? గట్టు నిండా ఎంగిలి గింజలుంటే ఊడ్సకుండా పూజ సేయాల్నా?"

నేను హిందీలోకి మార్చి చెప్పాను. మ్వాలిము దగ్గు వచ్చేదాకా నవ్వారు. "తరతరాలు నడిచిన బేరం నా ఇంట్లో రెండోరోజే చెడింది. ఘనాలో రమణమ్మ లేదు, అందుకే వాళ్లు బాగుపడ్డారు," అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "ఆ రాత్రి ఇంట్లో ఉన్న గింజలన్నీ తెచ్చి పోశాను. అరవై. నువ్వు ఎన్నింటికి ఒప్పుకునేవాడివి?"

"నలభైకే, మ్వాలిము."

ఆయన నెత్తి కొట్టుకున్నారు. "నోరు తెరిచి అడిగి ఉంటే?"

"మీరు తెరవనిస్తే గదా."

గట్టు మీద పెట్టింది వెనక్కి తీసుకోకూడదని అరవై రోజులూ ఇచ్చారు. బయలుదేరేటప్పుడు ఒక గుడ్డసంచి చేతిలో పెట్టారు. చెత్తబుట్టలోంచి ఏరి, కడిగి, ఆరబెట్టిన అరవై గింజలు. ముసలాయనే వంగి ఒక్కొక్కటీ ఏరి ఉంటారు. నేను తిరిగి వచ్చాక మరో మూడేళ్లు పాఠాలు చెప్పి కన్నుమూశారు. ఆ తరవాతే నేను మస్కట్‌లో ఈ ఏసీల పనికి చేరాను.

ఆ సంచి ప్రతి సెలవుకూ నాతో ఊరికి వస్తుంది. బిడ్డకు మూగబేరం నేర్పాను, నేర్పి నా నెత్తికి తెచ్చుకున్నాను. మొన్న కంపెనీ ముప్పై రోజులిచ్చింది. గడపలో ముప్పై గింజలు పెట్టి పక్కకు తప్పుకున్నాను. బిడ్డ వచ్చింది, లెక్కపెట్టింది, ముట్టకుండా లోపలికి పోయింది. నేను అప్పుడే మేనేజరుకు ఫోన్ చేశాను. డప్పూ లేదు, కాగితమూ లేదు, నోరు తెరిచి అడిగాను. నాలుగు రోజులు పెంచాడు. మరో నాలుగు గింజలు వేసి తలుపు చాటున నిలబడ్డాను. చాలాసేపటికి బిడ్డ వచ్చి, ముప్పై నాలుగు గింజలూ గౌను అంచులోకి ఎత్తుకుంది.