విమానాశ్రయంలో దొరకని చీర

మొన్న మళ్లీ ఆ చిన్న విమానాశ్రయంలో కూర్చోవలసి వచ్చింది. ఎదురుగా అదే కొట్టు, దాని మీద ‘ప్రయాణ అవసరాలు’ అని అదే బోర్డు. చూడగానే ఒళ్లు మండింది. మెడకు తగిలించుకునే దిండ్లు, వేలెడంత సబ్బులు, సూట్‌కేసు తాళాలు, కళ్లకు గంతలు! మనుషులు ప్రయాణం కట్టేది నిద్రపోవడానికేనా?

నిరుడు అక్కకు బాగాలేదని తెలిసి హైదరాబాద్ బయలుదేరాను. సెక్యూరిటీ చెక్ దాటి లోపల కూర్చున్నాక ఫోనొచ్చింది. అక్క పోయింది. మా వైపు పెళ్లయిన ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది కప్పనిదే పాడె లేవదు. మా పుట్టింటికి మిగిలింది నేనొక్కణ్ణే. బయటికెళ్లి కొనుక్కొస్తానంటే విమానం ఎక్కే టైమైందన్నారు. పరుగున ఈ కొట్టుకొచ్చి అడిగాను. “చీరలుండవండి. స్టోల్ ఉంది సార్, గిఫ్ట్ ప్యాక్ చేసిమ్మంటారా?” అంది కొట్టులో అమ్మాయి. పళ్లు కొరుక్కుంటూ విమానమెక్కాను.

బావ అప్పట్లో యూనివర్సిటీలో గుమాస్తా. క్యాంపస్ క్వార్టర్స్‌లో వాళ్లింట్లో ఉండే నేను చదువుకున్నాను. ఊరికి పోవాలంటే అక్క ముందురోజే నన్ను వెంటేసుకుని తార్నాక దాకా నడిపించేది. కొబ్బరినూనె, తువ్వాలు, అమ్మకు వక్కలు అంటూ దుకాణం దుకాణం తిప్పేది. చీరల కొట్టు ముందు మాత్రం ఆగేది కాదు. “నా చీర నేను కొనుక్కునుడేంది రా? తోడబుట్టినోళ్లు పెట్టాలె,” అనేది. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ప్రతి బతుకమ్మకూ చీర నాదే. ఏ రంగు తెచ్చినా ఇంకో రంగు దొరకలేదా అని మొహం చిట్లించేది, పండక్కి మాత్రం అదే కట్టేది.

బావ రిటైరయ్యాక తార్నాకలో తీసుకున్న ఇల్లు చేరేసరికి అంతా సిద్ధం. విమానం దిగగానే ఫోనులో “యాడ ఆగకు మామా, సీదా రా” అన్న మేనల్లుడు కవరులోంచి ఓ చీర తీసి నా చేతిలో పెట్టాడు. “ఫోన్ల ఆర్డర్ పెట్టి తెప్పిచ్చిన మామా. నువ్వు తెచ్చినట్టే కప్పు. బండోడు లొల్లి పెడుతున్నడు.” నాకు ఏడుపాగిపోయి కోపం తన్నుకొచ్చింది. “నేనింక బతికే ఉన్న గద రా! మా అక్కకు పుట్టింటి చీర నువ్వు కొంటవా?” అని అరిచాను. ఏదైనా చీరే కదా అన్నాడెవరో పెద్దమనిషి. ఏదైనా చీరేనట! అంతవరకూ గోడకానుకుని కూర్చున్న బావ తలెత్తి, “పోయి తెచ్చుకో పో. ఆమెకేం పనున్నది ఇప్పుడు? ఆగుతది,” అన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా మెయిన్‌రోడ్డుకు పోయి, ఎర్రంచు ఉన్న చిలకపచ్చ చీర తెచ్చి నా చేత్తో కప్పాను. నా వల్ల అరగంట ఆలస్యమైందని ఇప్పటికీ ఆ ఇంట్లో అనుకుంటారు. అనుకోనీ. అక్క మా ఇంటి ఆడపిల్లగా ఉన్న ఆఖరి అరగంట అది. ఎవరి తొందర కోసమూ నేను దాన్ని వదులుకునేవాణ్ణి కాదు.