మంచిగనే తింటది

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా బడి గోడమీద రాసి ఉండేది. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నా నోరు మంచిదో చెడ్డదో తెలియాలంటే ముందది తెరుచుకోవాలి కదా! పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య నా చిటికెనవేలు కూడా పట్టేది కాదు.

ఆరేళ్ళప్పుడు క్వార్టరు ముందున్న బండమీద, గడ్డం పగిలేలా పడ్డాను. అమ్మ పసుపు, సున్నం పట్టువేసింది. వాపు దిగింది, అందరూ తగ్గిందనుకున్నారు. ఆ తర్వాత ఏడాదికేడాది నోరు బిగుసుకుపోతూ వచ్చింది. గడ్డం ఎదగడం ఆగిపోయింది. పక్కనుంచి చూస్తే కింది పెదవి కిందనే మెడ మొదలైనట్టు ఉండేది. బడిలో నా పేరు పోయి "పిట్ట" మిగిలింది.

అందరూ నా గడ్డాన్నే చూసేవాళ్ళు. నా ఏడుపు తిండి గురించి. అన్నాన్ని పప్పుచారులో మెత్తగా పిసికి, పక్కపన్ను ఊడిన సందులోంచి వేలితో లోపలికి తోసుకునేదాన్ని. ఒక ముద్ద లోపలికి పోయేసరికి మా వాళ్ళంతా చేతులు కడుక్కునేవాళ్ళు. వానాకాలం వాడకట్టు మొత్తం మక్కకంకులు కాల్చుకుంటుంటే నేను ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఏడుపు కాదది, కోపం. నాకు అందం వద్దు, నోరు తెరిచి కంకి కొరకాలి. అంతే.

నాన్న బొగ్గుబావిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, దుంగకూ కప్పుకూ మధ్య చెక్క కొట్టి బిగించడం ఆయన పని. కంపెనీ సర్కారుదే కాబట్టి పనివాళ్ళ పిల్లలకు కంపెనీ దవాఖానాలో మందులిచ్చేవాళ్ళు. అక్కడ నయంకాని రోగమైతే డాక్టరు చీటీ రాసి పట్నంలో సర్కారు పెద్దాసుపత్రికి పంపాలి. ఆ చీటీ లేకుండా పట్నం పోయి ఏ గుమ్మం తొక్కాలో మాకు తెలియదు.

పదమూడేళ్ళప్పుడు అమ్మ నన్ను తీసుకుపోయింది. బయట పెద్ద వరస. డాక్టరు తలెత్తకుండానే "నాలుక చాపు" అన్నాడు. నేను చాపలేదు. సిగ్గుపడుతోందనుకున్నాడు.

"దీని గదవ సూడుండ్రి సారూ, ఎంత చిన్నగున్నదో. రేపు పెండ్లి ఎట్లయితది?" అంది అమ్మ.

"తిండి తింటుందా?"

"అయ్యో, మంచిగనే తింటది సారూ. కడుపునిండ తింటది."

ఆయన కాగితం మీద "తిండి బాగానే తింటుంది" అని ఒక లైను రాశాడు. "అందం కోసం చేసే ఆపరేషన్లకు చీటీ రాయనమ్మా, తర్వాతివాళ్ళను రానీ" అన్నాడు. మేం బయటికొచ్చాం.

మా అమ్మ అబద్ధాలకోరు కాదు. మా వాడకట్టులో అందరూ వానకు ఎదురుచూసే ఊళ్ళనుంచి బావుల్లోకి వచ్చినవాళ్ళే. "తిన్నరా?" అని ఎవరడిగినా, పొయ్యి వెలగకపోయినా సరే, "తిన్నం" అనే చెప్పాలి. ఇంట్లో పిల్ల తినడం లేదని పరాయి మనిషి ముందు అన్నామంటే, బావిలోకి దిగే మొగుడి పరువు తీసినట్టే. గడ్డం చిన్నదైతే దేవుడి తప్పు, చెప్పుకోవచ్చు. ఆకలైతే ఇంటివాళ్ళ తప్పు. అందుకే చెప్పాల్సింది మింగేసి, చెప్పకపోయినా పర్వాలేనిది చెప్పివచ్చింది.

"నీ పరువు కోసం నేను ఎన్నేండ్లు చారు తాగాలె?" అని దారిలోనే దెబ్బలాడాను. "గట్టిగ అనకే, ఎవలన్న వింటరు" అంది. నా నోట్లోంచి గట్టిగా ఏమొస్తుందని!

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడగకుండానే పెట్టేది. అడగాల్సినచోట మాత్రం అడిగేది కాదు. మూడేళ్ళు బతిమాలాను, అలిగాను. నాన్న "డాక్టరే కాదన్నంక మనమేం జేస్తం బిడ్డా" అనేవాడు.

పదహారో ఏట ఒకరోజు జొన్నరొట్టె, తమాటపచ్చడి డబ్బాలో పెట్టుకున్నాను. చెంబెడు నీళ్ళు తీసుకున్నాను. అమ్మను చెయ్యిపట్టి లాక్కుపోయాను. అదే డాక్టరు, అదే వరస. మా వంతు వచ్చింది. ఆయన పాత కాగితం చూసి "ఇది అప్పుడే చెప్పేశాను కదమ్మా" అన్నాడు.

నేను స్టూలు మీద కూర్చుని ఆయన బల్లమీదే డబ్బా విప్పాను.

"నలుగుర్ల తింటవానే, సిగ్గులేదా!" అని అమ్మ నా భుజం గుంజింది. సిగ్గు ఉండే ఉంటుంది. ఆకలి దానికంటే పెద్దది.

"బయట కూర్చుని తినమ్మా" అన్నాడు డాక్టరు.

"మీరే సూడాలె సారూ" అన్నాను పళ్ళసందునుంచే. "మంచిగనే తింటనని మీరే రాసిండ్రు గద."

రొట్టె గోరంత తుంచి నీళ్ళలో నానబెట్టాను. సందులోంచి వేలితో తోశాను. సగం లోపలికి, సగం పచ్చడితో కలిసి గడ్డం మీదకి. తుడుచుకుని ఇంకో ముక్క తుంచాను. ఆయన గడియారం చూశాడు. నేను తుంచాను. వరసలో ఒకాయన "డ్యూటీ టైమైతంది, జల్ది కానియ్యుండ్రి" అని అరుస్తూ తలుపులోంచి తొంగిచూసి, నన్ను చూసి తల వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపటికి కూడా పావు రొట్టె కాలేదు. అయినా ఆపలేదు.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. నెత్తిమీద కొంగు జారినా సర్దుకోలేదు.

"నా బిడ్డ తింటలేదు సారూ" అంది. గది దాటి వరస మొత్తానికి వినపడేలా అంది. "పదేండ్లాయె, నమిలి ఒక్క బుక్క తినలే. ఆకలితోనే పంటది. నేనే అబద్ధం చెప్పిన."

అన్నాక గోడవైపు తిరిగింది. ఆ రోజు అమ్మ కోల్పోయినదాని విలువ నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

డాక్టరు లేచి వచ్చాడు. నా చెవుల ముందు వేళ్ళు పెట్టి తెరవమన్నాడు. ఆయన వేళ్ళకింద ఏదీ కదల్లేదు. "ఎముక అతుక్కుపోయింది" అన్నాడు నెమ్మదిగా. తర్వాత అమ్మతో "ముందే చెప్పొద్దా?" అన్నాడు.

"ముందే నా నోరు పట్టి సూడొద్దా?" అన్నాను. అమ్మ నన్ను గిల్లింది. ఆయన పాత లైను కొట్టేసి చీటీ రాశాడు.

పట్నంలో నెలల తరబడి తిప్పించుకున్నారు. మంచం దొరికితే పెద్ద డాక్టరు లేడు, ఆయన ఉంటే మంచం లేదు. నేను వరండా వదల్లేదు. చివరికి గొంతుకింద రంధ్రం చేసి, అక్కడినుంచి ఊపిరందిస్తూ, చెవుల ముందు కోసి అతుక్కున్న ఎముక తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు, రోజూ పళ్ళమధ్య చెక్క పెట్టి తెరవకపోతే మళ్ళీ అతుక్కుంటుందని చెప్పారు.

అంతవరకు ఆపరేషను మాటెత్తితే బెదిరిపోయిన నాన్న ఆ మాట విని తేరుకున్నాడు. "గిది నా పనే" అన్నాడు. వేపకట్టెతో, ఒక అంచు పలుచగా ఒక అంచు మందంగా చెక్కలు చెక్కాడు. షిఫ్టు దిగి రాగానే ఒళ్ళు కడుక్కుని నా ముందు కూర్చునేవాడు. వారానికొకటి ఇంకొంచెం మందంది. నొప్పికి కళ్ళు తిరిగేవి, నోరంతా చేదు. చెక్క నోట్లో ఉండగానే నాన్నను తిట్టేదాన్ని. "తిట్టు బిడ్డా, ఎంత తిడితే అంత తెరుసుకుంటది" అనేవాడు.

గడ్డం మాత్రం అట్లాగే ఉండిపోయింది. పక్కింటావిడ వచ్చి చూసి "గింత జేసినా మూతి గట్లనే ఉన్నదేందే?" అంది.

"నేను తిననీకి పోయిన అక్కా, నువ్వు సూడాలెనని కాదు" అన్నాను. ఆ వానాకాలం మా గడపమీదే కూర్చుని కంకి మీద కంకి కొరికాను. చిగుళ్ళనుంచి నెత్తురొచ్చినా ఆపలేదు.

ఏడాది తర్వాత తిరిగి చూపించుకోవడానికి మా దవాఖానాకే పోయాం. అదే బల్ల. డాక్టరు అమ్మవైపు చూసి "ఇప్పుడు తిండి తింటుందా?" అన్నాడు.

"మంచిగనే తింటది సారూ. కడుపునిండ తింటది" అంది అమ్మ.

ఆయన కలం తీయలేదు. నావైపు తిరిగి "నాలుక చాపు" అన్నాడు.

చాపాను. ఎంత పొడుగుందో అంతా చాపాను.

"చాల్లే, లోపల పెట్టుకో" అన్నాడు.

పెట్టుకోలేదు.