డాబా మీది ఎరువు డ్రమ్ము

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో బరువుగా ఉండేది. ఇప్పుడు ఏమీ అనిపించదు. నాకు భయం వేసేది అందుకే. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మేముండే కార్ఖానా ఏరియాలో, మా అపార్ట్‌మెంట్‌లోకి ఒక టీచర్ అద్దెకు వచ్చాడు. పేరు సుధీర్. ఒంటరి మనిషి. పొద్దున్నే అన్ని ఫ్లాట్ల నుంచీ కూరగాయల తొక్కలు బకెట్‌లో పోగుచేసి, డాబా మీద డ్రమ్ములో ఎండుటాకులు కలిపి ఎరువు చేసేవాడు. మగవాళ్లం నవ్వుకునేవాళ్లం. తొక్కలూ చెత్తా ఆడవాళ్ల పని అని మా లెక్క. ఆ పని ఇష్టంగా చేసే మగవాడిలో ఏదో తేడా ఉందనుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టలేదు.

నేనూ నవ్వాను. మళ్లీ రోజూ డాబా ఎక్కిందీ నేనే. ఎరువు కోసమా? కాదు. అతనంటే నాకు ఇష్టం. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంట్ నన్ను లిఫ్ట్ దగ్గర ఆపాడు.

“ఏం తమ్మీ, రోజూ మీదికి పోతున్నవంట. ఆ సారు నీతోని జెర తేడాగ ఉంటుండా?”

అడిగింది అతని గురించి. నాకు వినిపించింది నా గురించి. అప్పటికి ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు.

“ఉంటుండన్నా. ఒకసారి చెయ్యి సుత పట్టిండు. నేనే గుంజుకున్న.”

అంత తేలిగ్గా నోటికెలా వచ్చింది? బకెట్‌ను చూసి వాళ్లు అప్పటికే సగం కథ అల్లుకున్నారు, మిగతా సగం నేనిచ్చాను, నమ్మరేమోనన్న బెంగ కూడా నాకు లేకపోయింది. ఇలా అనుకుంటే నా తప్పు తగ్గుతుందా? తగ్గదు.

నెల తిరక్కుండానే అతనితో ఇల్లు ఖాళీ చేయించారు. సామాను ఆటోకెక్కిస్తూ నన్ను చూశాడు. ఎవరు చెప్పారో అతనికి తెలిసే ఉంటుంది. డ్రమ్ములో తడి ఎక్కువైతే ఎండుటాకులు వేయమని మాత్రం చెప్పాడు. తలూపాను. ఆ మాట బడిదాకా పోయి ఉద్యోగం పోయిందని తర్వాత విన్నాను. ఎక్కడున్నాడో ఆరా తీయలేదు.

ఇప్పుడు డ్రమ్ము నేనే చూసుకుంటున్నాను. పెళ్లయినవాణ్ణి కదా, నా బకెట్‌లో ఎవరికీ తేడా కనిపించదు. ఎంత బాధ్యత తెలిసిన మనిషో అని పక్కింటావిడ మా ఆవిడతో అంటుంది. వింటాను. ఏమీ అనిపించదు.

సుధీర్ నా చెయ్యి పట్టుకోలేదు. మట్టి అంటిన అతని చేతిని నేనే పట్టుకున్నాను. అతను గుంజుకోలేదు. కాసేపు అలాగే ఉంచి, తర్వాత చేతులు కడుక్కోమని నాకు మగ్గుతో నీళ్లు పోశాడు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.