ఒక్క ఎక్స్‌రేకు ఇంత ఏడుపా

ఈ రోజు పొద్దున మా ఆయనకు భుజం పట్టేసి చెయ్యి లేవలేదు. డ్యూటీ మానేసి దవాఖానకు బయల్దేరుతుంటే, పక్క క్వార్టర్ అక్క ఎక్కడికని అడిగింది. ఎక్స్‌రే గది తలుపు మీద రాసి ఉండే పేరు గుర్తొచ్చి "రేడియాలజీకి" అన్నాను. అదే నేను చేసిన పాపం.

ఎముకకేమీ కాలేదన్నారు, మాత్రలు రాసిచ్చారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన షిఫ్టువాళ్లు పండ్లు పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. మా అత్తమ్మ మందమర్రి నుంచి ఏడ్చుకుంటూ బస్సెక్కి వచ్చేసింది. ఒళ్లు మండి పక్కింటికి వెళ్లాను.

"అక్కా, మా ఆయనకు క్యాన్సరని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వే గదనే పొద్దున రేడియో అన్నవు! రేడియో పెట్టేది క్యాన్సరుకే గదా. మా పెద్దమామకు గట్లనే పెట్టిండ్రు."

"క్యాన్సరుకు పెట్టేది రేడియోథెరపీ అక్కా! నేనన్నది రేడియాలజీ, ఫొటో తీసే కాడ!"

"ఏమో, అన్నిటికీ రేడియో అనే అంటరాయె. మాకేమెరుక?"

వచ్చినవాళ్లకు ఎక్స్‌రే చూపించి పంపేశాను. అత్తమ్మ మాత్రం నమ్మడం లేదు. "నా కాడ దాస్తున్నరు బిడ్డా" అంటూ కొడుకు భుజం నిమురుతోంది. నొప్పి తగ్గిందని ఆయన చెయ్యెత్తి చూపిస్తే, "నా కోసం ఓర్చుకుంటున్నడు" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

అబద్ధం ఊరంతా నమ్మింది. నిజం చెప్పి ఒక్క మనిషిని నమ్మించడం ఎట్లాగో తెలిసినవాళ్లు చెప్పండి. ఆమె ఇంకా అన్నం ముట్టలేదు.