ఐలీన్ గారు రిహార్సల్లో చెప్పని మాట

దెయ్యాలంటే నవ్వి ఊరుకునే రకం నేను. కాకినాడలో మా నాయనమ్మ పొద్దుగూకాక చింతచెట్టు వైపు వెళ్ళొద్దంటే, కావాలనే అటు నుంచి వెళ్ళేదాన్ని. పైగా ఫిజికల్ థెరపిస్ట్‌ని. ఎముకా కండరం కాక మనిషిలో ఇంకేదో ఉందని ఆదివారం చర్చిలో ఒప్పుకుంటాను గానీ, డ్యూటీలో కాదు. కాబట్టి ఇది చదివి నన్ను పిచ్చిదాని కింద జమకట్టకండి.

2008 ప్రాంతంలో అమెరికాలో, న్యూయార్క్‌కి దగ్గర్లోని పార్సిప్పనీలో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేదాన్ని. ఐలీన్ గారు అక్కడే పరిచయం. ఐర్లండ్ ఆవిడ, ఒకప్పటి నటి. పదహారేళ్ళకే డబ్లిన్‌లో స్టేజీ ఎక్కారట. తర్వాత నాటకాల వాళ్ళతో న్యూయార్క్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సినిమాల్లోనూ వేశారు, కానీ ఎప్పుడూ నర్సో, సిస్టరమ్మో, హీరో తల్లో. "సినిమాల్లో నాకిచ్చిన పనల్లా ఏడుస్తూ తలుపు తియ్యడమే" అని నవ్వేవారు. స్టేజీ మీద మాత్రం ఆవిడే రాణి.

ఆ రాణిగారికి ఒక్కతే కూతురు, పేరు మోరా. ఆ పిల్లని చుట్టాలింట్లో వదిలేసి ఊరూరా నాటకాలు ఆడారు. సెలవుల్లో మాత్రం వెంట తిప్పుకునేవారట. పెద్దయ్యాక మోరా తల్లితో మాట్లాడడం మానేసింది. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉండేది. విమానంలో రెండు గంటల దూరమే అయినా ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు.

ఆ ఏడు మా క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో ఐలీన్ గారు తన పాత నాటకంలోంచి చివరి సీన్ చేస్తానన్నారు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డ పక్కన కూర్చున్న తల్లి. ఈ కబురు తెలిసి మోరా వస్తానంది! ఇక ఆవిడ సంతోషం చూడాలి. "ఇంట్లో దానికి చెప్పలేనిదంతా ఆ సీన్లో ఉంది. అది వింటే చాలు" అన్నారు.

నా ఎక్సర్‌సైజుల కంటే ఆ రిహార్సలే ఆవిణ్ణి బాగా నిలబెట్టింది. నేను నడుం పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. వినీ వినీ సీనంతా నాకూ నోటికొచ్చేసింది, ఒక్క చివరి మాట తప్ప. అది ఆవిడ చెప్పేవారు కాదు. నాటకంలో ఆఖరి మాట రిహార్సల్లో అనేస్తే అరిష్టమట. జనం కూర్చున్నాకే అనాలట.

"మా వైపు పద్యానికి వన్స్ మోర్ కొడితే చచ్చిపడినవాడు కూడా లేచి మళ్ళీ పాడతాడు. ఒక్క మాటకి మీకింత బెట్టేంటండీ?" అని ఆటపట్టించాను. పడీ పడీ నవ్వారు గానీ, చెప్పలేదు.

ప్రోగ్రామ్ రోజు పొద్దున ఆవిడ నిద్ర లేవలేదు.

మోరా అప్పటికే విమానంలో ఉంది. ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా బ్యాగుతో వచ్చింది. లాబీలోనే చెప్పాల్సి వచ్చింది. ఏడవలేదు. "నా కోసం ఏమైనా చెప్పిందా?" అని మాత్రం అడిగింది. ఇంట్లో చెప్పలేనిదంతా ఆ సీన్లో ఉందన్నారని చెప్పాను. ఆ సీన్ ఎవరైనా చేస్తారా అని తనే అడిగింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

స్కూల్లో క్రిస్మస్ డ్రామాలో గొర్రె వేషం తప్ప నాకు స్టేజీ తెలీదు. అయినా డైనింగ్ హాల్లో, కిటికీల్లోంచి పడే మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి, వచ్చినంతవరకు చెప్పాను. ఆవిడ రోజూ ఆగే చోట ఆగిపోయాను. మోరా మొహం చూసే ధైర్యం లేక తల దించుకున్నాను. హాలంతా నిశ్శబ్దం.

తలెత్తేసరికి మోరా శాలువాలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెద్దవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నారు. పోయిన మనిషి కోసమేలే అనుకున్నాను.

ఇంతలో మా దగ్గర వాలంటీర్‌గా చేసే వరంగల్ అమ్మాయి రజిత పరుగున వచ్చింది. "అక్కా, లాస్ట్ లైన్ మస్తు చెప్పినవ్! అచ్చం ఆమె గొంతే దించేసినవ్."

"లాస్ట్ లైన్ ఏంటే? నాకు రాదు, నేను అనలేదు."

"జోకులాడకక్కా. 'పడుకో తల్లీ, నువ్వు లేచేసరికి నేనిక్కడే ఉంటా' అన్లే నువ్వు?"

ఇంకొందరిని అడిగాను. అందరూ అదే మాట చెప్పారు.

మోరా వచ్చి నా చేతులు పట్టుకుంది. చిన్నప్పుడు తెర పక్కన నిలబడి ఆ మాట విని, అమ్మ తనతోనే అంటోందనుకునేదట. సెలవులైపోగానే మళ్ళీ చుట్టాలింటికి పంపేసేవారట.

"మోరా, ఆ మాట అన్నది నేను కాదు" అన్నాను.

"తెలుసు. మా అమ్మ గొంతు నాకు తెలియదా?" అంది.

రిహార్సల్లో ఎప్పుడో విని తెలియకుండా అనేసి ఉంటావని మా ఆయన అంటారు. పాస్టర్ గారు ప్రార్థన చేసి, దాని గురించి ఎక్కువ ఆలోచించొద్దమ్మా అన్నారు. నా నోరు నాకు తెలీదా? నేను పెదవి కదపలేదు.

భయమంటారా, ఆ రోజు లేదు, ఇప్పుడూ లేదు. హాల్లో అందరూ విన్నారు. అన్నాళ్ళు ఆవిడ నడుం పట్టుకుని నిలబడిన నాకొక్కదానికే వినపడలేదు. నా ఏడుపల్లా అదే.