నాలుగు గంటలు మోగినా కూర్చోని టీచర్

పొద్దున తొమ్మిదిన్నరకు బడి గంట వినిపించగానే పార్వతీదేవి టీచర్ చేస్తున్న పనిని అక్కడికక్కడే ఆపేస్తారు. బెండకాయలు తరుగుతుంటే కత్తి పక్కన పెడతారు. మాట్లాడుతుంటే మాట సగంలో వదిలేస్తారు. మోత పూర్తిగా అణిగాకే మళ్ళీ అందుకుంటారు. షామీర్‌పేటలో ఆమె ఇల్లు బడికి రెండు సందుల అవతలే. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం ఒంటికి నేర్పిన అలవాటు అది. అదే అలవాటు ఒకసారి ఆమెను శాసనమండలిలో నిండా ముంచబోయింది.

ఆమె మాకు సాంఘికశాస్త్రం చెప్పేవారు. వెనక బెంచీలో కూర్చుని ఐదేళ్ళలో ఒక్క జవాబూ పైకి చెప్పని నన్ను ఏనాడూ లేపి నిలబెట్టలేదు. నా నోటుబుక్కు చూసి, తల ఊపి, ముందుకు వెళ్ళిపోయేవారు. రిటైరైన మరుసటి ఏడు ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి ఏ పార్టీ లేకుండా నిలబడ్డారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక, కొద్ది తేడాతో గెలిచి ఎమ్మెల్సీ అయ్యారు.

రెండో ఏడు మండలికి ఒక బిల్లు వచ్చింది. పంచాయతీల, మున్సిపాలిటీల పేరు మీద ఖాళీగా పడి ఉన్న స్థలాలను ముప్పై ఏళ్ళ లీజుకు ఇవ్వవచ్చని దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది. కానీ మా బడి ఆటస్థలం రెండెకరాలూ బడి పేరు మీద లేవు. ఎప్పుడో మల్లేశం అనే రైతు పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చిన భూమి అది. కాగితం మాత్రం పంచాయతీ పేరున రాశారు. బిల్లు పాసైతే, ఆ కాగితం ప్రకారం అది ఖాళీ స్థలం.

ఆ సంగతి టీచర్ కంటే ముందే బాలేష్‌కు తెలుసు. అతనూ ఆమె శిష్యుడే. ఇప్పుడు వెంచర్లు వేస్తాడు. కరీంనగర్ రోడ్డు వైపు ముఖం పెట్టి ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని అతని ఆలోచన. చర్చకు ముందురోజు పొద్దున్నే వచ్చాడు.

"టీచర్, గా బిల్లు మీద మీరు మాట్లాడకుండ్రి. కాంప్లెక్స్ వస్తే మనూరే మారిపోతది. పై అంతస్తుల పిల్లలకు ఆటల రూం గూడ ఇస్త."

"బాలేషూ, నువ్వు కబడ్డీ యాడ ఆడినవ్?"

"గా గ్రౌండ్లనే టీచర్."

"మోకాలు యాడ పలగ్గొట్టుకున్నవ్?"

అతను నవ్వుతూ ప్యాంటు మీంచే మోకాలు తడుముకున్నాడు. "గప్పటి ముచ్చట్లు ఇప్పుడెందుకు టీచర్? అయినా మీకు ఇచ్చేదే మూడు నిమిషాలు. గంత జల్దీల ఏం జెప్తరు?"

అతను అన్నట్టే అయింది. మర్నాడు టీచర్ లేచి సభకు నమస్కారం చెప్పి, బిల్లులోని మంచిని వరుసగా వివరించారు. పాఠం చెప్పినట్టే, ముందు తెలిసిన సంగతులు, తర్వాత కొత్త సంగతి. "ఇక మా షామీర్‌పేట విషయానికి వస్తే" అన్నారో లేదో, గంట మోగింది. ఆమె మాట ఆగింది. చేతులు జోడించి కూర్చున్నారు.

అది ఇంకా ఒక్క నిమిషమే ఉందని గుర్తుచేసే గంట. ఆమె తర్వాత లేచిన సభ్యుడు మూడుసార్లు గంట మోగినా మాట్లాడుతూనే ఉన్నప్పుడు గాని ఆమెకు అది అర్థం కాలేదు. ఒకసారి కూర్చున్నాక ఆ చర్చలో మళ్ళీ లేవడానికి లేదు. మిగిలిన దారి ఒక్కటే. బడి పిల్లల ఆటస్థలాలకు ఈ చట్టం వర్తించకూడదని ఆమె ఒక సవరణకు నోటీసు ఇచ్చి ఉన్నారు. మర్నాడు దాన్ని ప్రతిపాదించేటప్పుడు రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. అదీ పోతే ఆటస్థలం పోయినట్టే.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గడప మీద దుర్గాబాయి కూర్చుని ఉంది. ఇరవయ్యారేళ్ళు మా బడిలో గంట కొట్టిన అటెండర్ ఆమె. సభ మొత్తం టీవీలో చూసింది.

"ఏంది టీచరమ్మా, గంట గొట్టంగనే గట్లెట్ల కూసున్నరు? గదేమన్న ఇంటర్‌బెల్లా?"

"ఏం జెయ్యాలె దుర్గమ్మా. నాకు తెల్వకుండనే కాళ్ళు వంగినయ్."

"తప్పు నాదే. నేనే కొట్టి కొట్టి మిమ్ముల గిట్ల జేసిన. ఇగ నేనే మాన్పిస్త. లేవుండ్రి."

వంటింట్లోంచి స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకుంది. టీచర్ మాట్లాడటం, దుర్గాబాయి మోగించడం, టీచర్ ఆగిపోవడం. ఎన్నిసార్లు చేసినా అంతే. చప్పుడుకు పక్కింటి రాధమ్మ వచ్చి ఏమైందని అడిగితే, "టీచరమ్మ ట్యూషన్ జెప్పించుకుంటాంది, నువ్ బో" అంది దుర్గాబాయి.

చివరికి గరిటె కింద పెట్టింది.

"ఇనకుండ ఉండుడు మీతోని గాదు. ఇనుండ్రి. గని యాది జేస్కోండ్రి, ఆటల పీరియడ్‌కు నేను గంట గొడితే మీరేం జేస్తుండె?"

టీచర్‌కు గుర్తొచ్చింది. అన్ని గంటలకూ పని ఆపే మనిషి, ఆ ఒక్క గంటకు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవారు. ఆడపిల్లలు గ్రౌండ్‌లోకి పరిగెత్తడం చూస్తూ పీరియడ్ అయ్యేదాకా అక్కడే నిలబడేవారు.

"రేపు గాళ్ళు కొట్టేది గా గంటనే అనుకోండ్రి" అంది దుర్గాబాయి, మళ్ళీ గరిటె అందుకుంటూ.

మర్నాటి చర్చ ప్రతిని నేను ఎం.ఏ. చదివేటప్పుడు సంపాదించి చదివాను. ఆమె మాటలు అందులో ఒక పేజీ కూడా లేవు. ఈసారి నమస్కారాలు లేవు.

"అధ్యక్షా, మా బడిలో నూట అరవై మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళ అన్నదమ్ములు ఆడుకోవడానికి వీధి ఉంది, చెరువు గట్టు ఉంది. వీళ్ళు పరిగెత్తడానికి రోజుకు నలభై నిమిషాలు, ఆ రెండెకరాలు, అంతే ఉన్నాయి. (గంట) కాగితంలో అది ఖాళీ స్థలం. మంత్రిగారు మూడున్నరకు ఒకసారి వచ్చి చూస్తే అది ఖాళీగా ఉందో లేదో తెలుస్తుంది. (గంట) ఇంటికి వెళ్ళాక ఆ పిల్లలు అంట్లు తోముతారు, నీళ్ళు మోస్తారు. గట్టిగా అరిచే అవకాశం కూడా వాళ్ళకు ఆ గ్రౌండ్‌లోనే. (గంట)"

అధ్యక్షుడు: "టీచర్ గారూ, గంట కొట్టాను."

"విన్నాను అధ్యక్షా. ఇది మాకు ఆటల పీరియడ్ గంట. దీనికి నేను కూర్చోను. (నవ్వులు) (గంట) బడి పిల్లల ఆటస్థలాలకు ఈ చట్టం వర్తించకూడదని నా సవరణ."

ఆ పేజీ మీద నాలుగు చోట్ల, బ్రాకెట్లలో, ఆ చిన్న మాట. ఒక్కొక్క దాని తర్వాతా ఆమె మాట ఎక్కడా తెగకుండా సాగింది. గంటకు సగం మాట మింగేసే మనిషి, ఆ నాలుగుసార్లూ మోకాళ్ళను ఎలా నిలబెట్టుకున్నారో! గ్రంథాలయంలో ఆ పేజీని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

బడి పిల్లలు వాడుకుంటున్న స్థలాలు ఎవరి పేరున ఉన్నా లీజుకు ఇవ్వకుండా నియమాల్లో రాస్తామని మంత్రి చెప్పారు. "ఎప్పటిలోగా?" అని ఆమె అడిగారు. మూడు నెలలన్నారు. ఆ జవాబు రికార్డులోకి ఎక్కాకే సవరణను ఉపసంహరించుకున్నారు. తర్వాత ప్రతి సోమవారం ఆ పేజీ నకలు పట్టుకుని సచివాలయానికి వెళ్ళారు. ఐదో నెలలో నియమాలు వచ్చాయి. మా బడి లాంటి ఆటస్థలాలు ఇంకెన్ని వాటివల్ల మిగిలాయో నాకు తెలియదు.

బాలేష్ కాంప్లెక్స్ సుచిత్ర చౌరస్తా దగ్గర కట్టుకున్నాడు. దారిలో టీచర్ కనిపిస్తే కారు అద్దం దించి, "గంటయింది టీచర్, ఇగ కూసోండ్రి" అంటాడు. "నువ్వు ముందు హోంవర్కు చూపియ్" అంటారామె.

పదవీకాలం ముగిశాక ఆమె మళ్ళీ పోటీ చేయలేదు. ఇప్పుడు అరవై ఏడేళ్ళు. ఆ పాత రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నారు. పక్క వాటాలో దుర్గాబాయి ఉంటుంది.